మన్యం తిరుగుబాటు పాఠం: గడగడా చదివేవాళ్ళూ, కూడబలుక్కునేవాళ్ళూ ఒకే క్లాసులో ఉంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

హైస్కూల్లో సోషల్ చెప్పేవాళ్ళకి ఈ పరిస్థితి బాగా తెలుసు. ముందు బెంచీలో ఇద్దరు మనం పాఠం మొదలుపెట్టకముందే గైడులో జవాబులు చదివేసుకుని కూర్చుంటారు. మధ్యలో ఓ ఇరవై మంది చెబితే వింటారు, చెప్పకపోతే కిటికీలోంచి చూస్తారు. వెనక పది మందికి పుస్తకంలో ఒక పేరా తడబడకుండా చదవడమే కష్టం, వాళ్ళలో ఒకరిద్దరు పత్తి తీతలకో మిరప కోతలకో వెళ్ళి నెల తర్వాత బడికి వచ్చినవాళ్ళు. వీళ్ళందరికీ కలిపి ఒక్క లెసన్ ప్లాన్ రాయమంటారు, మనమూ రాస్తాం, హెచ్ఎం సంతకం పెడతారు, క్లాసులో జరిగేది మాత్రం వేరే.

రికార్డులో చూపించే ప్లాన్ గురించి కాదు ఇది. 1922–24 మన్యం తిరుగుబాటు, అంటే అల్లూరి సీతారామరాజు పాఠాన్నే తీసుకుని, ఇలాంటి క్లాసులో మూడు పీరియడ్లు ఎలా నడపాలో వరసగా చెబుతాను. తెలంగాణలో చెప్పేవాళ్ళు ఇదే పద్ధతిలో కొమరం భీం పాఠం చేసుకోవచ్చు, అక్కడా అడవి, పోడు (అడవి కొట్టి చేసే సాగు), పశువుల మేత, అధికారుల వేధింపులే కథకి మూలం.

ముందే ఒక మాట. తెలివైన వాళ్ళకొకటి, మధ్యస్థం వాళ్ళకొకటి, వెనకబడిన వాళ్ళకొకటి అని మూడు పాఠాలు తయారు చేయకండి. అంత తీరిక ఎవరికీ లేదు, ఉన్నా తేలిక పాఠం వచ్చిన పిల్లలకి తమని ఎక్కడ కూర్చోబెట్టారో మొదటి రోజే అర్థమైపోతుంది. ప్రశ్న అందరికీ ఒకటే ఇవ్వండి. దాని దగ్గరికి చేరడానికి మనం ఇచ్చే సాయం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటే చాలు. మిగతాదంతా ఈ ఒక్కదాన్ని పట్టుకుని చేసే పనే.

మొదట ప్రశ్న ఎంచుకోండి

పాఠం చివర ఉండే "తిరుగుబాటుకు కారణాలు తెలపండి" అనే ప్రశ్నతో మొదలుపెడితే క్లాసు అక్కడే చచ్చిపోతుంది, ఎందుకంటే గైడు చదివినవాడు నాలుగు పాయింట్లు అప్పజెప్పేసి కూర్చుంటాడు, చదవనివాడికి నోరు తెరవడానికి చోటే ఉండదు. మంచి ప్రశ్నకి నేను చూసేవి రెండే: పుస్తకం చదవని పిల్లాడు కూడా జవాబు మొదలుపెట్టగలగాలి, క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల కూడా దాన్ని ఒక్క ముక్కలో ముగించలేకపోవాలి.

ఈ పాఠానికి నేను పెట్టే ప్రశ్న ఇది: "రామరాజు మన్యానికి రాకపోయి ఉంటే, అక్కడ తిరుగుబాటు వచ్చేదా?"

వచ్చేది సార్ అని ఒకడు, రాదు సార్ అని ఇంకొకడు వెంటనే అంటారు. ఎందుకని అడగండి, అక్కడి నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది. ఈ ప్రశ్న బోర్డు మీద పై మూలన రాసి మూడు రోజులూ చెరపకండి.

మీ చేతిలో ఉండాల్సిన సరుకు

ప్రశ్న పెట్టేముందు దానికి రెండు వైపులా సాక్ష్యం మీ దగ్గర ఉండాలి. "వచ్చేది" అనేవాళ్ళ వైపు: 1882 మద్రాసు అటవీ చట్టం వల్ల పోడు కొట్టుకోవడం మీద, పశువుల మేత మీద, కట్టెలూ ఇతర అటవీ ఉత్పత్తులూ తెచ్చుకోవడం మీద ఆంక్షలొచ్చాయి. అంతకుముందు కొండ గ్రామాల మీద పెత్తనం ఉన్న ముఠాదార్లకి పాత అధికారం, ఆదాయం తగ్గిపోయాయి (ముఠా అంటే ఇక్కడ కొన్ని ఊళ్ళ కూటమి అని ముందే చెప్పేయండి, లేకపోతే క్లాసంతా దొంగల ముఠా అనుకుంటుంది). రోడ్ల పనికి జనాన్ని బలవంతంగా లాక్కెళ్ళారు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఇక్కడే వస్తుంది. అన్నిటికంటే బలమైన సాక్ష్యం 1879–80 రంప ఫితూరీ. కల్లు మీద పన్ను, పోలీసుల జులుం, ముఠాదార్ల అసంతృప్తి కలిసి పుట్టిన ఆ తిరుగుబాటు నాటికి రామరాజు పుట్టనే లేదు.

"రాదు" అనేవాళ్ళ వైపూ బలం ఉంది. ఇన్ని కష్టాలూ అంతకుముందు నుంచీ ఉన్నవే కదా, మరి 1922లోనే ఎందుకు పేలింది? విడివిడిగా ఉన్న ఊళ్ళని కలిపిందెవరు? రామరాజు గాంధీని మెచ్చుకున్నాడు, ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, కానీ స్వాతంత్ర్యం ఆయుధంతోనే వస్తుందన్నాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టిన తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఆపేశారు, అదే ఏడు ఆగస్టులో మన్యంలో స్టేషన్ల మీద దాడులు మొదలయ్యాయి. చురుకైన పిల్లలకి ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసి వదిలేస్తే చాలు, ఓ పది నిమిషాలు మన జోలికి రారు.

ఇదంతా మీకు తెలిసి ఉండటానికి. ఇంత సరుకూ పిల్లల నెత్తిన పోయకండి.

క్లాసుని మార్కుల రిజిస్టరుతో కొలవకండి

ఎఫ్ఏ (మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు చూసి పిల్లల్ని విడదీయడం తేలికే, కానీ ఆ మార్కులు చాలాసార్లు చెప్పేది ఎవరు వేగంగా రాయగలరో అంతే. చరిత్ర పాఠానికి మీరు తెలుసుకోవాల్సినవి వేరు: ఎవరు చదవగలరు, ఎవరు చదవలేరు గానీ వింటే పట్టేస్తారు, ఎవరికి నోరు ఉంది చేయి లేదు, ఎవరు అన్నీ తెలిసినా నోరు విప్పరు. పాఠానికి ముందు రోజు పుస్తకంలో ఐదు లైన్లు ఇద్దరిద్దరిని ఒకరికొకరు చదివి వినిపించమని చెప్పి మీరు బెంచీల మధ్య తిరగండి. పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంగ్లీషు మీడియం సెక్షన్ అయితే రెండు భాషలూ ఉన్న పుస్తకంలో ఎవరు ఏ పేజీ వైపు చూస్తున్నారో కూడా గమనించండి, తెలుగు పేజీ చూసేవాళ్ళని చూడనివ్వండి, అది నేరమేమీ కాదు.

ఇంకోటి, ఇంటి అనుభవం. కూలి డబ్బులు ఆగిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన పిల్లాడికి రోడ్డు పనిలో వెట్టిచాకిరి గురించి మనం పెద్దగా చెప్పక్కర్లేదు, వాడే మనకి చెబుతాడు. చదువులో వెనక ఉన్న పిల్లలు ఈ పాఠంలో ముందుకొచ్చేది ఇలాంటి చోటే. ఆ చోటు ఎక్కడుందో ప్లాన్‌లోనే గుర్తు పెట్టుకోండి.

కార్డులు తయారు చేయండి

ఇది ఒక సాయంత్రం పని. అటవీ చట్టం, ముఠాదార్లు, రోడ్డు పని, 1879 ఫితూరీ, రామరాజు మాటలు, ఈ ఐదింటి మీద ఐదు కార్డులు. ఒక్కో కార్డుకి మూడు కొలతలు, అంటే రాసే మాటలు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. కాగితం సైజు, రంగు మాత్రం ఒకటే ఉండాలి, లేకపోతే "చిన్న కార్డు వాళ్ళు" అని పేరు పడిపోతుంది. ఎ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జిరాక్స్ తీయిస్తే ఖర్చు కూడా పెద్దగా అవదు.

రోడ్డు పని కార్డు ఎలా ఉంటుందో చూడండి. చిన్న కొలత ఇది:

"కొండల్లోకి రోడ్డు వేస్తున్నారు. మన్యం వాళ్ళని పనికి రమ్మన్నారు. రానంటే ఊరుకోలేదు. కూలి సరిగ్గా ఇవ్వలేదు."

మధ్య కొలతలో ఇవే నాలుగు విషయాలు ఉంటాయి, వాటితో పాటు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు, రోడ్డు పడితే పోలీసులూ కలప వ్యాపారులూ కొండెక్కడం తేలికవుతుందన్న మాట. పెద్ద కొలతలో ఇంకో మెలిక పెడతాను: "రోడ్డు వస్తే మన్యం వాళ్ళకి కూడా సంతకి వెళ్ళడం, ఆసుపత్రికి వెళ్ళడం తేలికే కదా, మరి వాళ్ళు ఎందుకు వ్యతిరేకించి ఉంటారు?"

చూశారా, అసలు సంగతి మూడింటిలోనూ ఒకటే. అది ముఖ్యం. చిన్న కార్డు చదివిన పిల్ల పెద్ద కార్డు చదివిన పిల్లాడితో వాదించగలగాలి, వాదనకి కావాల్సిన ముక్క తన కార్డులో లేకపోతే ఆ పిల్లని మనమే నోరు మూయించినట్టు.

ఒక జాగ్రత్త. మీరు సొంత మాటల్లో రాసిన కార్డు కింద "మాస్టారు రాసింది" అనో "టీచర్ రాసింది" అనో రాయండి. ఆనాటి చట్టంలోంచో రికార్డులోంచో తీసుకున్నదైతే అదే రాయండి. పదో క్లాసుకి వచ్చేసరికి పిల్లలకి ఈ తేడా తెలియాలి, మనం నోటితో చెప్పడం కంటే కార్డు కింద రోజూ కనిపిస్తే బాగా ఎక్కుతుంది.

మొదటి పీరియడ్: స్టేషన్‌లో వదిలిన చీటీ

45 నిమిషాల పీరియడ్‌లో హాజరూ అదీ పోను చేతికొచ్చేది 35 నిమిషాలే అనుకోండి. పుస్తకాలు మూయించండి. బోర్డు మీద ఇంతే రాయండి: "1922 ఆగస్టు 22, చింతపల్లి పోలీస్ స్టేషన్." తర్వాత కథలా చెప్పండి. రామరాజు మనుషులతో వచ్చాడు, తుపాకులూ తూటాలూ తీసుకున్నాడు, వెళ్ళేముందు ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి, అదే పద్ధతి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు.

ఇక్కడ ఆగి అడగండి: "దొంగతనానికి వచ్చినవాడు ఎవరైనా రసీదు రాసిచ్చి వెళ్తాడా? ఈయన ఎందుకు రాశాడు?"

వెంటనే చేతులెత్తనివ్వకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, చేతులెత్తే పద్ధతి పెడితే మాట్లాడేది ఎప్పుడూ ఆ ముగ్గురే. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, తర్వాత ఒక నిమిషం పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలి, ఆ తర్వాత మీరే పేరు పెట్టి పిలవాలి, అదీ వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి. పక్కవాడితో అప్పుడే మాట్లాడి ఉంటాడు కాబట్టి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. "భయం లేదని చూపించడానికి సార్", "పోలీసోళ్ళని ఏడిపించడానికి", "అబద్ధపు లెక్క రాయకుండా", ఇలాంటివి వస్తాయి. అన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తప్పు అనకండి, ఏదానికి ఎక్కువ ఆధారం ఉందో మూడో రోజు చూద్దామనండి.

తర్వాత మ్యాపు. ప్యానెల్ ఉన్న బడి అయితే తెర మీద చూపించండి, లేకపోతే వరండాలో చాక్‌పీసుతో గీసి మూడు స్టేషన్లకి మూడు రాళ్ళు పెట్టండి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, అడవి దారులు, ఇప్పటిలా ఫోన్లు లేని కాలం. దారి చూపించేవాళ్ళు, తిండి పెట్టేవాళ్ళు, కబురు మోసేవాళ్ళు లేకుండా ఇది జరుగుతుందా అని అడిగితే పెద్ద ప్రశ్న దానంతటదే మళ్ళీ లేస్తుంది.

సినిమా గొడవ కూడా మొదటి రోజే తేల్చేయండి. రామరాజు అనగానే పిల్లలకి హీరోలే గుర్తొస్తారు, రామరాజూ కొమరం భీమూ స్నేహితులని నమ్మే పిల్లలు ఇప్పుడు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. కోప్పడకండి. బోర్డు పక్కన రెండు గళ్ళు గీసి "సినిమాలో చూశాం", "ఆధారం ఉంది" అని రాయించండి. రామరాజు చనిపోయింది 1924లో, భీం జోడేఘాట్‌లో చనిపోయింది 1940లో, ఇద్దరూ కలిసి పోరాడారనడానికి ఆధారమేమీ లేదు. ఈ పట్టిక నింపే పని సినిమాల పిచ్చి ఉన్న పిల్లాడికే అప్పగించండి, ఆ వారమంతా వాడంత శ్రద్ధగల విద్యార్థి ఇంకొకడు ఉండడు.

రెండో పీరియడ్: కార్డులు, ఆ తర్వాత పంచాయితీ

నలుగురేసి గుంపులు. మంచిగా చదివేవాళ్ళు ఒక చోట పోగుపడకుండా మీరే పేర్లు ముందు రోజు రాసుకోండి, అప్పటికప్పుడు చేస్తే స్నేహితులంతా ఒక గుంపయి మిగిలిపోయినవాళ్ళు ఇంకో గుంపవుతారు. గుంపులో ఇద్దరికొక కార్డు. నియమం ఒక్కటే: చదివినవాళ్ళు చెప్పకూడదు, విన్నవాళ్ళే చెప్పాలి. అంటే జతలో ఒకరు చదువుతారు, రెండోవాళ్ళు దాన్ని తమ మాటల్లో అవతలి జతకి వివరిస్తారు. చదవడం రాని పిల్లాడు ఇక్కడ పాఠం చెప్పేవాడవుతాడు, చదివే పిల్లాడికి కూడా నెమ్మదిగా, అర్థమయ్యేలా చదవక తప్పదు, ఎందుకంటే అవతలివాడు తప్పు చెబితే ఇద్దరి పరువూ పోతుంది.

తర్వాత నేల మీద ఒక గీత గీసి, "రామరాజు రాకముందే ఉన్నది" ఒక వైపు, "రామరాజు వచ్చాక కలిసింది" ఇంకో వైపు అని చెప్పి కార్డులు పెట్టించండి. ఒకే కార్డుని ఒక గుంపు ఇటు, ఇంకో గుంపు అటు పెడితే మీ పాఠం సగం సఫలమైనట్టే.

మిగిలిన పదిహేను నిమిషాలు పంచాయితీ. రామరాజు వేషం మాత్రం ఎవరికీ ఇవ్వకండి! ఇచ్చారంటే డైలాగులు, కర్ర తిప్పడాలు, పక్క క్లాసు మాస్టారు వచ్చి తలుపు కొట్టడాలు. పాత్రలు వేరే ఉండాలి: పోడు రైతు, పాత ముఠాదారు, రోడ్డు కూలికి వెళ్ళిన ఆడమనిషి, డిప్యూటీ తహసీల్దారు, ఇంకా బ్రిటిష్ ప్రభుత్వంలో జీతం తీసుకునే మన ఊరి కానిస్టేబుల్. ఈ కానిస్టేబుల్ పాత్ర క్లాసులో అందరికంటే చురుకైన పిల్లకి ఇవ్వండి. అది చాలా కష్టమైన పాత్ర. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర రామరాజు దళం భారతీయ సిపాయిలని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులనే చంపిందని చెబుతారు. ఆ కబురు విన్న మర్నాడు డ్యూటీకి వెళ్తావా అని ఆ కానిస్టేబుల్‌ని క్లాసంతా నిలదీయాలి. గైడులో జవాబు దొరకని ప్రశ్న అది.

ఏజెన్సీ ప్రాంతంలో చెబుతున్నవాళ్ళు ఇక్కడ ఇంకొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పోడు పట్టాలు, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవన్నీ ఆ పిల్లల ఇళ్ళలో ఈ రోజుకీ నడుస్తున్న సంగతులు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, అంతేగానీ "మీ వాళ్ళు ఎలా బతుకుతారో చెప్పు" అని లేపి నిలబెట్టకండి. కొండదొర పిల్లాడినో కోయ పిల్లనో మ్యూజియం బొమ్మలా చూపించడం పాఠం కాదు.

మూడో పీరియడ్: రాత

ఇక్కడే చాలా ప్లాన్లు కూలిపోతాయి. మాట్లాడమంటే బ్రహ్మాండంగా మాట్లాడిన క్లాసు, రాయమనగానే గైడు తీస్తుంది. కాబట్టి రాతకి మెట్లు కట్టండి. బోర్డు మీద మూడు సగం వాక్యాలు రాయండి:

"రామరాజు రాకముందే మన్యంలో…"
"రామరాజు వచ్చాక మారింది ఏమిటంటే…"
"అందుకని నా ఉద్దేశంలో…"

కావాల్సినవాళ్ళు వీటిని పూరిస్తే చాలు, మూడు వాక్యాలైనా అది పూర్తి జవాబే. సొంతంగా రాయగలిగినవాళ్ళు వీటిని పట్టించుకోకుండా రాసుకోవచ్చు, కానీ వాళ్ళకి ఒక షరతు పెట్టండి: తమకి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం ఒకటి చెప్పి దానికి సమాధానం ఇవ్వాలి. రాయడం అసలు రాని పిల్లలుంటే వాళ్ళు చెబుతుంటే పక్కవాళ్ళు రాస్తారు, కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి. పరీక్షల టెన్షన్ ఉన్నవాళ్ళకి ఒక సంగతి చెప్పండి, ఈ రాతలో "రాకముందే" భాగాన్ని పాయింట్లుగా విడదీస్తే అదే కారణాల మీద ఎనిమిది మార్కుల జవాబు. ఆ విడదీసే పని ఆఖరి ఐదు నిమిషాల్లో బోర్డు మీద అందరితో కలిసి చేసేయండి, హెచ్ఎం అడిగినా చూపించడానికి ఉంటుంది.

ముందే ముగించేసిన పిల్లల సంగతి. వాళ్ళకి ఇంకో రెండు ప్రశ్నలు ఇచ్చి శిక్ష వేయకండి, ప్రతిసారీ "వెళ్ళి వాడికి చెప్పు" అని అసిస్టెంట్ టీచర్ని కూడా చేయకండి, నేర్చుకోవడానికి వాళ్ళకీ హక్కుంది. రామరాజు అనుచరుడు గాం మల్లుదొర పట్టుబడి శిక్ష అనుభవించాడు, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆ ఒక్క వాక్యం చీటీ మీద రాసిచ్చి, "ముప్పై ఏళ్ళలో మారింది ఆయనా, ప్రభుత్వమా?" అని అడగండి చాలు.

బెల్లు కొట్టే ముందు ప్రతి ఒక్కరూ చింపిన కాగితం ముక్క మీద ఒక్క వాక్యం రాసిచ్చి వెళ్ళాలి: "ఇంకా నాకు అర్థం కానిది". ఆ చీటీలని స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ మూడు కుప్పలు చేయండి. తేదీలు, పేర్లు కలిసిపోయినవాళ్ళు ఒక కుప్ప, కారణానికీ సంఘటనకీ తేడా తెలియనివాళ్ళు ఒక కుప్ప, మనకే జవాబు తెలియని ప్రశ్న అడిగినవాళ్ళు ఇంకో కుప్ప. మొదటి రెండింటికి తర్వాతి పాఠం ముందు పది నిమిషాలు కేటాయించండి. మూడో కుప్పలోంచి ఒకటి తీసి నోటీసు బోర్డుకి అంటించండి, రాసినవాళ్ళ పేరుతో సహా.

ట్రైనింగులనీ ఆన్‌లైన్ ఎంట్రీలనీ పీరియడ్లు పోయి రెండే మిగిలితే మొదటి పీరియడ్‌లో మ్యాపు తీసేయండి, రెండో దాంట్లో పంచాయితీ తీసేసి ఆ పదిహేను నిమిషాలు రాతకి ఇవ్వండి. ఒక్కటే మిగిలితే స్టేషన్ చీటీ, రెండు కార్డులు, మూడు సగం వాక్యాలు. గుంపుల పేర్లు మాత్రం ఆ ఒక్క పీరియడ్‌కైనా ముందు రోజే రాసుకోండి.